మాటల వెనుక మాట: పోయినదా, పోగొట్టుకొన్నదా?



కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. ఒక సోమవారము ఉదయము మా విభాగములోని తెలుగు మిత్రుని వద్దనుండి ఆంగ్లములో ఒక చిన్న సందేశము వచ్చినది. "ఐ లాస్ట్ మై ఫాదర్ ఎట్ నిజాముద్దీన్ దిస్ మార్నింగ్. ప్లీజ్ గ్రాంట్ లీవ్." అంతే. విశాఖ నుండి సమతా ఎక్స్‌ప్రెస్‌లో తండ్రిగారు వస్తున్నారని, తెచ్చుకొనుటకు స్టేషనుకు పోవలెనని ఆయన ముందురోజే చెప్పియున్నాడు. సందేశము చదివిన వారందరూ నిశ్చేష్టులైనారు. పాపము, ప్రయాణపు బడలికకు ప్రాణము మీదికి వచ్చినదేమో అనుకొన్నాము. ఒకరు సంతాప సందేశమునకు చిత్తు ప్రతి వ్రాసినారు. ఇద్దరు నోయిడాలోని వారి ఇంటికి బయలుదేరినారు. తలుపు తాళము వేసియున్నది. దుఃఖములో ఉన్న మనిషిని మాటిమాటికి ఫోనులో పిలువరాదని మేము ఊరకున్నాము.

మధ్యాహ్నము మూడు గంటలకు ఆయనే ఫోను చేసినాడు. "మీలో ఎవరైనా వచ్చెదరా? సరాయ్ కాలేఖాన్ వైపు ఇంకను చూడలేదు" అన్నాడు. అప్పటికి గాని మాకు విషయము బోధపడలేదు. తండ్రిగారు పోలేదు, తప్పిపోయినారు. కొడుకు ఆటో మాట్లాడుటకు పోయిన పది నిమిషములలో, జ్ఞాపకశక్తి సన్నగిల్లిన ఆ పెద్దాయన జనముతో పాటు నడచి, రెండవ వైపు ద్వారము గుండా బయటపడినారు. హిందీ ఒక్క ముక్క రాదు. మేము ఆరుగురము పోయి వెదకగా, సాయంకాలము బస్ స్టేషను దగ్గర ఒక టీ కొట్టు బల్లమీద కూర్చుండి కనబడినారు. కొట్టువాడు బిస్కట్లు పెట్టి కూర్చుండబెట్టినాడు. మా తెలుగు వినగానే ఆయన ముఖము వెలిగినది. "మావోడు తప్పిపోనాడు బాబూ, పొద్దున్నించి ఎతుకుతున్నాను" అన్నారు.

ఆ పూట మేము నాలుగైదు గంటలు వ్యర్థము చేసినాము. వెదకవలసిన వేళ విలపించుచు కూర్చున్నాము. కారణము ఒక్క క్రియాపదము. ఈ మాసము దానిని గూర్చియే ముచ్చటించుకొందము. అదే ఆంగ్లములోని 'లూజ్'.

ఆ మిత్రుని ఆంగ్లములో వ్యాకరణ దోషమేమియు లేదు. దోషమంతయు ఆ క్రియ యొక్క విశాల హృదయములో ఉన్నది. తాళముచెవి కనబడకపోయినను 'లాస్ట్', ఉద్యోగము ఊడినను 'లాస్ట్', పందెములో ఓడినను 'లాస్ట్', దారి తప్పినను 'లాస్ట్', తల్లిదండ్రులు గతించినను 'లాస్ట్'. పైగా మన లిపిలో వ్రాసినపుడు 'చివరిది' అను అర్థము గల మాట కూడ 'లాస్ట్' అనియే కనబడును. మనుషుల విషయములో ఈ సందిగ్ధతను తప్పించుకొనుటకే ఆంగ్లేయులు 'మిస్సింగ్' అను వేరొక మాటను వాడుదురు. పోలీసు శాఖ వారును ఈ భేదమును పాటింతురు. ఢిల్లీ పోలీసుల వద్ద పర్సు, గుర్తింపు కార్డు, ఫోను వంటివి పోయినచో దాఖలు చేయునది 'లాస్ట్ రిపోర్ట్'. మనిషి కనబడనిచో అది 'మిస్సింగ్' కేసు. రాజధానియు, ఇరుగు పొరుగు రాష్ట్రములును కలిసి 2004లో ఆరంభించిన 'జిప్‌నెట్' అను సమాచార వ్యవస్థలో వెదకబడువారు కూడ 'మిస్సింగ్ పర్సన్స్' మాత్రమే. మన తెలుగు పత్రికల వారు ఇంకను జాగ్రత్తపరులు. ఫోటో పైన "కనబడుట లేదు" అని వేయుదురు. పోయినారని అనరు. ఆ రెండు మాటలలో ఎంత ఆశ దాగియున్నదో గమనింపుడు.

ఆంగ్లము ఒక్క మాటతో సరిపెట్టిన చోట తెలుగు అరడజను మాటలను పంచిపెట్టినది. పోవు, పోగొట్టుకొను, పారవేసికొను, కోల్పోవు, తప్పిపోవు, ఓడిపోవు, నష్టపోవు. ఇవి పర్యాయపదములు కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తూకమున్నది.

"తాళముచెవి పోయినది" అన్నచో కర్త తాళముచెవి. అది తనంతట తాను లేచి నడచిపోయినట్లే! మన తప్పేమియు లేదు. "తాళముచెవి పోగొట్టుకొన్నాను" అన్నచో కర్త నేను. ఈ క్రియను విడదీసి చూచిన అందులో ఒక చిన్న విచారణయే జరిగినట్లుండును. 'పోవు' అనునది వెళ్ళుట. 'పోగొట్టు' అనగా పోవునట్లు చేయుట. చివర 'కొను' చేరగా ఆ ఫలము తనకే తగులుట. చేసినది నేను, అనుభవించునది నేను. "పారవేసికొన్నాను" అన్నచో ఇంకొక మెట్టు పైకి ఎక్కి, అజాగ్రత్తను కూడ ఒప్పుకొన్నట్లు.

'కోల్పోవు' వీటికి భిన్నము. "ప్రమాదములో చూపు కోల్పోయినాడు", "చిన్ననాడే తల్లిని కోల్పోయినది" అందుము. ఇచట దోషారోపణ లేదు. పోయినది తిరిగి రానిది, విలువ కట్టరానిది. కనుకనే గొడుగును మెట్రోలో మరచివచ్చినవాడు "గొడుగును కోల్పోయితిని" అన్నచో నవ్వు వచ్చును. ఇక 'ఓడిపోవు' అనుటకు ఎదుట ఒక ప్రత్యర్థి ఉండవలెను. 'నష్టపోవు' అనుటకు ఒక లెక్క ఉండవలెను. 'తప్పిపోవు' అనుటకు ముందుగా ఒక దారి ఉండవలెను.

ఈ ఆంగ్ల క్రియ పుట్టుపూర్వములు చూచిన ఆశ్చర్యము కలుగును. ప్రాచీనాంగ్లములో దీని మూలరూపమునకు మొదటి అర్థము 'నశించు, పోవు' అనియే. 'పోగొట్టుకొను' అను అర్థము దానికి తరువాతి కాలమున అబ్బినది. అనగా ఆంగ్లేయుడు కూడ మొదట మనవలెనే "పోయినది" అని, పిమ్మట "పోగొట్టుకొన్నాను" అనుట నేర్చినాడన్నమాట. దిక్కులేని స్థితిని చెప్పు 'ఫర్లార్న్' అను మాటయు, 'హోమ్‌లెస్' వంటి మాటల చివర వచ్చు 'లెస్' అను ప్రత్యయమును, వదులు అను అర్థము గల 'లూస్' అను మాటయు ఈ కుటుంబములోనివే. వీటన్నిటికి మూలమైన ధాతువునకు విడదీయుట, కోయుట అని అర్థము. భాషాశాస్త్రజ్ఞులు దానికి చుట్టముగా చూపు సంస్కృత ధాతువు నుండియే మనకు 'లవము', కొడవలి అను అర్థము గల 'లవిత్రము' వచ్చినవి. మననుండి కోయబడినదే మనము పోగొట్టుకొన్నది.

'లూస్' ప్రస్తావన వచ్చినది కనుక, మన కార్యాలయ పత్రములలో తరచుగా కనబడు ఒక దోషమును చెప్పవలసియున్నది. "మనము ఈ కాంట్రాక్టును లూస్ చేయుదుము" అన్నట్లు, ఒక 'ఓ' ఉండవలసిన చోట రెండు 'ఓ'లు వ్రాయువారు ఎందరో. కంప్యూటరు దీనిని పట్టుకొనలేకపోవచ్చును. రెండును సరియైన మాటలే గదా! తెలుగువారికి ఇది మరింత చిక్కు. మనము "చొక్కా లూజుగా ఉన్నది", "బోల్టు లూజైనది" అని వదులుతనమునకు జకారము వాడుచున్నాము. ఆంగ్లములో వదులు అను మాటకు చివర ఉన్నది శుద్ధమైన సకారము. జకారము వంటి ధ్వని ఉన్నది పోగొట్టుకొనుటలోనే. అదియు మన 'జయము'లోని జకారము కాదు. 'జొన్న', 'జాబిల్లి' అనునప్పుడు పలికెడి దంత్య జకారమునకు దగ్గరగా ఉండును. ఆ ధ్వనికి 'ౙ' అని ప్రత్యేక లిపి చిహ్నము కూడ మనకున్నది. కనుక మన నాలుకకు అది అసాధ్యమేమియు కాదు. అక్షరక్రమము గుర్తుంచుకొనుటకు ఒక ఉపాయము: పోగొట్టుకొనునది ఒక 'ఓ'ను కూడ పోగొట్టుకొన్నది, వదులుగా ఉన్నదానిలో రెండు 'ఓ'లకు చోటున్నది.

ఇక జాతీయములు. 'లూజ్' ప్రక్కన ఏ మాట చేరిన ఏ అర్థము వచ్చునో అనువాదకునకు నిత్యము పరీక్షయే. 'లూజ్ వెయిట్' అనగా బరువు తగ్గుట. ఎవడును బరువును పోగొట్టుకొని విచారింపడు. 'లూజ్ టెంపర్' అనగా కోపమును పోగొట్టుకొనుట కాదు, కోపము తెచ్చుకొనుట! ఇచట 'టెంపర్' అనగా మనోనిగ్రహము. గడియారము దినమునకు ఐదు నిమిషములు 'లూజ్' చేయుచున్నదనగా వెనుకబడుచున్నదని. 'లూజ్ కౌంట్' అనగా లెక్క తప్పుట. 'లూజ్ టచ్' అనగా రాకపోకలు తెగుట. ఒకడు పుస్తకములో తన్ను తాను 'లూజ్' చేసికొన్నాడనగా లీనమైనాడని. "ఆ హాస్యము వానిపై లాస్ట్" అనగా వానికి ఎక్కలేదని.

కొన్ని చోట్ల రెండు భాషలు చేయి చేయి కలుపుకొని నడచును. ఒకరికి మనసు ఇచ్చుటను ఆంగ్లేయుడు 'లూజ్ వన్స్ హార్ట్ టు' అనును. మనము "మనసు పారవేసికొన్నాడు" అందుము. అయితే ఆ వాక్యములోని చిన్న మాటలు తీసివేసి 'లూజ్ హార్ట్' అన్నచో ప్రేమ అంతయు ఎగిరిపోయి అధైర్యము మిగులును. మరికొన్ని చోట్ల రెండు భాషలు ఎదురెదురుగా నిలుచును. ఆంగ్లేయుడు నాలుకను 'లూజ్' చేసికొన్నచో నోట మాట రాక నిలుచున్నాడని అర్థము. తెలుగువాడు నోరు పారవేసికొన్నచో అనరాని మాటలన్నియు అన్నాడని అర్థము. ఒకరికి మౌనము, ఒకరికి కలహము. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమను సామెత మనకు ఊరకే రాలేదు.

ఉత్తరములు వ్రాయువారికి ఒక హెచ్చరిక. "మీ నివేదికను చదువుటలో కాలము లూజ్ చేయను" అను అర్థము వచ్చు ఆంగ్ల వాక్యమునకు రెండు ముఖములు ఉన్నవి. వెంటనే చదివెదనని ఒకటి. చదివి కాలము వృథా చేసికొననని మరొకటి. పై అధికారికి వ్రాయునపుడు దీనిని వాడకుండుట క్షేమము.

ఇంతవరకు వినోదము. ఇక మన ఉద్యోగ జీవితమునకు దగ్గరైన రెండు 'లాస్ట్'లను గూర్చి చెప్పవలెను.

మొదటిది ఫైలు. ముప్పది సంవత్సరములు కార్యాలయములలో మెలగినవారిని అడిగి చూడుడు. "ఈ ఫైలును మేము పోగొట్టుకొన్నాము" అను వాక్యమును నోట్ షీటు మీద చూచినవారు ఉండరు. ఉండునది "నాట్ ట్రేసబుల్". అనగా ఆచూకీ లభించుట లేదు. ఈ వాక్యములో కర్త ఎవరు? ఎవరును కారు. ఫైలు తనంతట తాను పోయినది. దాని అడుగుజాడలు కూడ చెరిగిపోయినవి. మన 'పోవు' అను క్రియకు ఇది సర్కారీ వేషము. 2005 నాటి సమాచార హక్కు చట్టము వచ్చిన పిదప ఈ సమాధానము మరింత ప్రచారములోనికి వచ్చినది. 2013లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పులో దీనిపై స్పష్టముగా చెప్పినది. ఒకప్పుడు రికార్డులో ఉన్న సమాచారమును, ఇపుడు కనబడుట లేదన్న ఒక్క మాటతో నిరాకరించుటకు వీలులేదు. గట్టిగా వెదకవలెను, దొరకనిచో విచారణ జరిపి బాధ్యత ఎవరిదో తేల్చవలెను. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, న్యాయస్థానము ఆ వాక్యమునకు కర్తను వెదకి తెమ్మన్నది. "పోయినది" అని వ్రాసికొన్నవారిని "పోగొట్టుకొన్నాము" అనిపించుటయే ఆ తీర్పు సారాంశము. ఆ ఫైలులో ఒక విశ్రాంత ఉద్యోగి పింఛను ఉండవచ్చును, ఒక వితంతువు కారుణ్య నియామకపు దరఖాస్తు ఉండవచ్చును. మనకు పోయినది కాగితమే గాని, వారు కోల్పోవునది అట్లు కాదు.

రెండవది కర్మాగారముల గేటు వద్ద బోర్డుల మీద కనబడు 'లాస్ట్ టైమ్ ఇంజరీ'. గాయపడిన ఉద్యోగి పనికి రాలేకపోయినచో, పోయిన కాలమును లెక్కించు పద్ధతి ఇది. 1983లో సవరింపబడిన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3786 ఈ లెక్కకు సూత్రములు ఏర్పరచినది. పది లక్షల పనిగంటలకు ఇటువంటి గాయములు ఎన్ని అనునది ఫ్రీక్వెన్సీ రేటు. ఎన్ని పనిదినములు పోయినవి అనునది సివియారిటీ రేటు. కాలు బెణికి నాలుగు దినములు రానివాని లెక్క తేలికయే. మరి తిరిగి రానివాని లెక్క? ఆ ప్రమాణము ఒక మరణమునకు 6000 పనిదినములు పోయినట్లు లెక్కవేయుమన్నది. సంవత్సరమునకు 300 పనిదినముల వంతున అది 20 సంవత్సరముల పని.

గణాంకములకు ఏదో ఒక సంఖ్య తప్పదు. సంఖ్య లేనిచో పోల్చుటకు, తగ్గించుటకు, హెచ్చరించుటకు వీలుపడదు. దానిని నేను ఆక్షేపించుట లేదు. కాని ఒకే దినమున, ఒకే మనిషిని గూర్చి, ఒకే క్రియతో రెండు వాక్యములు పుట్టుచున్నవి. రిజిస్టరులో "6000 మ్యాన్‌డేస్ లాస్ట్". ఇంటిలో "వుయ్ లాస్ట్ హిమ్". తెలుగులో ఈ రెండింటికి ఒకే మాట వాడుట మనకు నోరు రాదు. మొదటిది 'నష్టపోవుట', రెండవది 'కోల్పోవుట'. భద్రతా సమావేశములలో పట్టికలు చదువునపుడు, ఆంగ్లములో చదివినను, మనస్సులో ఒక్కసారి తెలుగు చేసికొనుడని మనవి. హెల్మెట్ పెట్టుకొమ్మని చెప్పు వాని కంఠములో మార్పు తప్పక వచ్చును.

ఢిల్లీలో కూర్చుండి ఓటమిని గూర్చి మాట్లాడుచు మహాభారతమును తలపకుండుట ఎట్లు? పురానా ఖిలా ఉన్న చోటనే పాండవుల ఇంద్రప్రస్థము ఉండెనని జనుల నమ్మకము. ఆ కోటగోడల లోపల 'ఇందర్‌పత్' అను పల్లె 20వ శతాబ్దపు తొలి సంవత్సరముల వరకు ఉండినది. 1954-55లోను, మరల 1969-73 మధ్యను అచట త్రవ్వకములు జరిగినవి. ఆ ఇంద్రప్రస్థమును ధర్మరాజు హస్తినలో జూదమాడి ఓడినాడు. తెలుగులో 'ఓడు' అను క్రియకు ఇదొక విశేషార్థము. 'ఆటలో ఓడుట' అనుటయే గాక, 'రాజ్యమును ఓడెను', 'తమ్ములను ఓడెను' అని కర్మను చేర్చి వాడుదురు. పందెములో పెట్టి పోగొట్టుకొనుట అంతయు ఆ ఒక్క మాటలో ఇమిడినది.

సభకు రమ్మని ప్రాతికామి వచ్చి పిలిచినపుడు ద్రౌపది ఏడ్వలేదు, మొదట ఒక ప్రశ్న వేసినది. ఆయన ముందుగా తన్ను తాను ఓడినాడా, నన్ను ఓడినాడా? తన్ను తానే ఓడినవానికి ఇంకొకరిని ఒడ్డు హక్కు ఎక్కడిదని ఆమె వాదము. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తేల్చలేక ఊరకున్నాడు. ఆనాడు ఒక క్రియకు కర్త ఎవరు, కర్మ ఎవరు, ఏది ముందు, ఏది వెనుక అను దానిమీద ఒక స్త్రీ మానము ఆధారపడినది. వ్యాకరణము పంతుళ్ళ పని మాత్రమే అనుకొనువారు ఈ ఘట్టమును ఒకసారి చదువవలెను.

మా మిత్రుని తండ్రిగారు ఆ తరువాత మూడు సంవత్సరములు నోయిడాలో కొడుకు ఇంటనే ఉన్నారు. ఆయన చొక్కా జేబులో ఇంటి చిరునామా, ఫోను నంబరు హిందీలో వ్రాసిన చీటీ ఎల్లప్పుడు ఉండెడిది. ఆయన గతించిన దినమున మిత్రుడు పంపిన సందేశము తెలుగులో ఉన్నది. "నాన్నగారు పోయినారు." ఈసారి ఎవరికిని సందేహము కలుగలేదు.

ఎక్కడ పోగొట్టుకొన్నామో అక్కడే వెదకవలెనని మన పెద్దలు అందురు. దానికి ముందు, పోగొట్టుకొన్నామని ఒప్పుకొనవలెను గదా!

అలవాటు ప్రకారము ఈ మాసపు అభ్యాసము. ఈ క్రింది వాక్యములను 'లూజ్' సహాయముతో ఆంగ్లములోనికి మార్చి, ఎచట ఆ క్రియ ఒప్పదో గుర్తింపుడు. ఒకటి: నా గుర్తింపు కార్డు మెట్రోలో పడిపోయినది. రెండు: మా జట్టు అంతర్ విభాగ పోటీలలో రెండు గోల్స్ తేడాతో ఓడినది. మూడు: ఐదు నిమిషముల ఆలస్యమువలన రైలు తప్పిపోయినది. నాలుగు: ఎంత చెప్పినను అతడు ఓపికను విడువలేదు. ఐదు: మా ఊరి సంతలో మా చెల్లెలు తప్పిపోయి దొరికినది.

మూడవ వాక్యము వద్ద ఆగినవారికి అభినందనలు. రైలును ఎవరును 'లూజ్' చేయలేరు. అచట వాడవలసినది 'మిస్'. ఆ మాట కథ వచ్చే మాసమున.